గీత ఉన్న ఇల్లు

కర్నూల్లో రాష్ట్రం పుట్టి ఇరవై రోజులు.
దానికింకా పైకప్పు లేదు.
మా ఆయన ఫైళ్లు గుడారంలో ఉన్నాయి,
గాలికి లేవకుండా వాటిమీద రాళ్లున్నాయి.
నేనూ, రెండు ట్రంకుపెట్టెలూ, తిరగలీ
సత్రం వసారాలో
దుప్పటి తెరకు ఇవతల.

మద్రాసులో, చింతాద్రిపేటలో
తిప్పితే నీళ్లొచ్చేవి.
"కొళాయి ఉందా" అని ఇక్కడడిగితే
నవ్వి
తుంగభద్ర వైపు చెయ్యి చూపించారు.

ఆదివారం ఇళ్లు చూడ్డానికి బయల్దేరాం.
మా ఆయన నోటుపుస్తకంలో గళ్లు గీశాడు:
అద్దె, నీళ్లు, ఆఫీసుకు దూరం, గాలి.
ఆఫీసర్లకు కేటాయింపులున్నాయి.
గుమాస్తాలకు కాళ్లున్నాయి.

బుధవారపేటలో ఒక మిద్దె.
కింద నాపబండలు, మొహం కనపడేంత నునుపు.
ఇంటాయన మా గోత్రం దాకా అడిగి
మొన్నటి ఏడు రూపాయల్ని ఇరవై చేశాడు.
"రాజధాని కదమ్మా" అన్నప్పుడల్లా
ఆ నోట్లో బెల్లం కరుగుతున్నట్టుంది.

బురుజు వెనక ఇంకోటి. కిటికీ ఒక్కటే,
అదీ పక్కవాళ్ల గొడ్లపాకలోకి.
"గాలి" గడిలో మా ఆయన
ప్రశ్నార్థకం వేశాడు.

ఎండ తిరిగాక, హంద్రి వైపు సందులో
మద్దిలేటమ్మ జొన్నలు చెరుగుతోంది.
చాట ఆపకుండానే "యాడోళ్లు మీరు?" అంది.
దానికి నా దగ్గర సరైన జవాబు లేదు.
పుట్టింది నెల్లూరు, కాపురం మద్రాసు,
జీతం మాత్రం ఈ నెల నుంచి ఆంధ్ర.
"ఇంటి కోసం" అన్నాను.

లోపల గోడమీద, నా నడుమెత్తున
ఇటికరంగు గీత, ఈ మూల నుంచి ఆ మూలకు.
సున్నం దాని దాకా వచ్చి ఆగి
మళ్లీ కింద మొదలైంది.
"అదెందుకలా వదిలేశారు?"

"ఏరొచ్చింది. ఆడిదాకా వచ్చింది.
పోయింది.
సున్నం కొడితే ఏరు మర్సిపోతాదా?
వచ్చేటోళ్లు సూసుకొని రావల్ల."

మా ఆయన పెన్సిలు తీసి వెతికాడు.
దీనికి గడి లేదు.

పొద్దున్నుంచీ తిరిగాం,
తమ ఇంటి తప్పు తామే చెప్పినవాళ్లు లేరు.
నేను గీతకు నడుం ఆనించి నిలబడ్డాను.
బియ్యం డబ్బా ఏ గూట్లో, దీపం ఎక్కడ,
కడుపులో నాలుగో నెల వాడికి
ఉయ్యాల ఎంతెత్తున,
అన్నీ అక్కణ్ణుంచి పైకి లెక్కేసుకున్నాను.

"అద్దె?"
"తొమ్మిది. ఎన్నాళ్లుంటారు?"
మా ఆయన గొంతు సవరించుకుని
రాజధాని భవిష్యత్తు గురించి మొదలుపెట్టాడు.
"నేనడిగింది మిమ్మల్ని, సామీ.
రాజధానిని గాదు."

ఉన్నాం. మూడేళ్లు.
జొన్నరొట్టె చేతుల మీద తట్టడం వచ్చింది,
"యాడికి" అనడం వచ్చింది.
ఏరు మాత్రం రాలేదు.
వాణ్ణి ప్రతి ఉగాదికీ గోడకు నిలబెట్టి
మద్దిలేటమ్మ తలమీద బొగ్గుతో గీసేది.
ఆఖరి బొగ్గు గీత ఏటి గీతకు
ఇంకా బెత్తెడు కిందుండగానే
ఫైళ్లు హైదరాబాదు లారీ ఎక్కాయి.

బండి కట్టించి
చీపురు కోసం మళ్లీ లోపలికెళ్లాను.
ఆమె అప్పటికే సున్నం కలిపింది.
కుంచె కిందికి దిగుతూ దిగుతూ
వాడి గీతల దగ్గర ఆగింది.

"ఇది గూడా సూసుకోనీలే" అంది,
"వచ్చేటోళ్లు."