బొగ్గు చెయ్యి

రేపు తోటి వేషం.
మొన్న నామంసుద్ద, నిన్న కుంకుమ, రేపటికి బొగ్గు.
కొర్లగుంట సందులో మా ఇంటి మెట్టు మీద
పొడి నూరుకుంటా ఉండాను.
పోయినేడు నా వీపంతా పూసింది మా హేమాద్రే.
ఈసారి పిలిస్తే పలకలా.

ఆటో నడిపేవాడికి అద్దంలో ముఖాలు చదవడం వచ్చు.
వెనక సీట్లో ఎవరు అలిగినారో, ఎవరు ఏడ్చి ఎక్కినారో
అలిపిరి చేరేలోపే చెప్పేస్తా.
ఇంట్లోకొస్తే ఆ చదువు పనికిరాలా.
నాలుగు దినాలుగా వాడు పెరుగన్నం కెలికి లేస్తా ఉంటే
ఎండ అనుకున్నా.

చీకటి పడినాక వచ్చి
గిన్నె పక్కన గొంతుక్కూర్చున్నాడు.
"నాయనా, పాలెగాడు యాడ దాక్కున్నాడు?"
తెలిసిన కతే. మా అమ్మ నాకు, నేను వాడికి.
ఆడబిడ్డల ఉసురు పోసుకున్నోడు గంగమ్మకు జడిసి దాక్కుంటే
తల్లి దినానికో వేషం కట్టి ఊరంతా వెతికింది.
"ఏ కొండ గుహలోనో రా" అన్నా.
"ఫోన్లో గూడా దాక్కుంటాడా?"

బొగ్గు నూరే రాయి ఆగిపోయింది.

ఆటలో కలిసినాడంట. పేరు గద్దరెక్కంట.
తొమ్మిదో తరగతంట, చంద్రగిరంట.
వజ్రాలు కొనిచ్చినాడంట, ఆటలో చెల్లే వజ్రాలు.
చొక్కా లేకుండా ఒక ఫోటో అడిగినాడంట.
తర్వాత ఇంకొకటి.
ఇప్పుడు, చెప్పినట్టు వినకపోతే
క్లాసు గ్రూపులో పెడతానంటా ఉండాడంట.

నా చెయ్యి లేచింది.
ఎవరి మీదికి లేచిందో దానికే తెలీదు.
వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.
అప్పుడు తెలిసింది
నాలుగు దినాలు వాడి నోరు మూసింది ఈ చెయ్యేనని.

దించినా.
తప్పు నీది కాదు నాయనా అనాల.
నోట్లోంచి వచ్చింది మాత్రం, "అన్నం తింటివా?"
వాడు ఏడ్చినాడు. బొగ్గంతా వాడి చెంపకంటింది.
తప్పు నీది కాదని
ఆ చెంప తుడస్తా చెప్పినా, చానా ఆలస్యంగా.

మా రత్నమ్మ ఫోను రోట్లో ఏసి దంచుతానని లేచింది.
మేడమీది షాహీన్, సచివాలయంలో మహిళా పోలీసు,
తడి తలతోనే దిగొచ్చింది.
"దంచొద్దక్కా. ఒక్క ముక్క తుడపొద్దు.
వాడు రాసిందంతా అట్నే ఉండనీ.
జవాబివ్వొద్దు, రూపాయి పంపొద్దు."
ఒకటి సున్నా తొమ్మిది ఎనిమిది నొక్కింది.
అవతల ఎవరో ఆడమనిషి. పిల్లోడికివ్వండి అనింది.
కతంతా అడగతాదేమో అనుకున్నా.
ముందు ఆటలో వాడి లెవలెంతో అడిగింది.
వాడు చెప్పినాడు, ముక్కు ఎగబీల్చి, కొంచెం గర్వంగానే.

తెల్లారి బొగ్గు పూసుకునే స్టేషన్‌కు పోయినా.
జాతర వారం, ఎవురూ వింతగా చూడలా.
గద్దరెక్కకు మూడు పేర్లు ఉండాయంట, రెండు వయసులు,
చంద్రగిరి అబద్ధం.
ఇంకా దొరకలా.
మా కతలో దొర వేషం నాటికి పాలెగాడి తల తెగతాది.
స్టేషన్లో కతకు దినాలు ఎక్కువ.
రాసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు.
ఊర్లో ఇంకెందరి పిల్లోళ్లు అన్నం కెలకతా ఉండారోనని
ఆ కాయితం చూస్తా అనుకున్నా.

ఇంటికొస్తే గ్యాసోడి నంబరు కింద, పాలాయన నంబరు పైన
గోడ మీద నాలుగంకెలు, బొగ్గుతో,
తొమ్మిది కొంచెం ఒరిగి.
వాడి రాతే.

సాయంత్రం వీధిలో పిల్లోళ్ల గుంపు
వేపరెమ్మలతో నా మీద పడింది.
ఈ వారం తోటిని తిట్టొచ్చు, బూతులే తిట్టొచ్చు, తల్లికి ఇష్టం.
గుంపు వెనకాల హేమాద్రి నిలబడుకోనున్నాడు,
చేతిలో రెమ్మ, పెదాలు బిగబట్టి.
ఆగినా. వీపు చూపించినా.

రెమ్మ తగిలింది.
ఆ వెంటనే ఒక తిట్టు,
రత్నమ్మ వింటే చెవులు మూసుకునేంత తిట్టు,
వీధి చివరిదాకా వినిపించేంత గొంతుతో.

ఇంకా గట్టిగా రా, అన్నా.