చిల్లర

నర్సాపురంలో లేసు గోదాం మేడమీద
నలభై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు.
నాకంటే ముందు అదే గొంతు సవరించుకుంది.
శనివారం రాత్రి. టికెట్టు యాభై, బజ్జీలు వేరే.

పగలు రొయ్యల చెరువుల్లో నీళ్లు పరీక్ష చేస్తాను.
అక్కణ్ణుంచే మొదలెట్టాను:
"గోదారి నీళ్లలో వెటకారం ఉందంటారు గదండీ,
ఆరేళ్లుగా సీసాల్లో పోసి చూస్తున్నాను,
అమ్మోనియా తప్ప ఏమీ తగల్లేదు."
నవ్వారు. వెనక ఎవడో ఈల కూడా వేశాడు.

"ఎకరానికి లక్షల్లో పిల్లల్ని వదిలితే
తెల్లారుజామున మూడింటికి
ఊపిరాడక పైకి తేలతాయి.
నాకు నాలుగువేల తొమ్మిదొందల మంది స్నేహితులు.
ఏరియేటర్ ఎక్కడ పెట్టించుకోనండీ?"

"మొన్న పెనుగొండ దారిలో స్కూటీ కాలవలోకి దిగింది.
మర్యాదకి నేనూ దిగాను.
మోకాలి ఫొటో పెట్టాను.
మూడొందల మంది ఏడ్చారు, పసుపు మొహాలతో.
ఒకాయన చప్పట్లు కొట్టాడు, వేలు జారిందేమో.
బండి పైకి లాగింది మాత్రం బాతులు కాసే మనిషి.
'ఎవరమ్మాయివే' అనడిగి
జవాబు వినకుండా బాతుల వెనక పోయాడు."

అక్కడ ఆపి మంచినీళ్లు తాగుంటే సరిపోయేది.

కానీ నమ్మకమైన జోకు ఒకటుంది నా దగ్గర,
పాలకొల్లులో పేలింది, తణుకులో పేలింది.
"వశిష్ఠ తరంగం అని ఒకాయన.
మొహం ఉండాల్సిన చోట పడవ.
రోజూ ఐదుంపావుకి గులాబీ పంపుతాడు.
గులాబీ మీద మంచు, మంచు మీద శుభోదయం,
దాని కింద నీతివాక్యం, దాంట్లో రెండు తప్పులు.
మూడేళ్లండీ! కడియం నర్సరీల్లోనూ అన్ని పూయవు.
నేను తిరిగి ఒక్క మాటన్నానా?
దేవుడిక్కూడా ఇంత ఓపిగ్గా ఎవరూ పువ్వులు పెట్టరు,
పెట్టినా ఏదో ఒకటి అడుగుతారు!"

మేడంతా ఊగింది.
అందరి నవ్వూ అణిగాక
మూడో వరసలో ఒకాయన నవ్వాడు, ఒక్కడే,
బస్సు వెళ్లిపోయాక చెయ్యెత్తినట్టు.
ఖాకీ చొక్కా. జేబులో
రబ్బరుబ్యాండు వేసిన టికెట్ల కట్ట.
"నేనేనమ్మా అది" అన్నాడు.
దానికీ నవ్వారు, నేను రాయించి పెట్టుకున్నాననుకుని.
నేనూ నవ్వాను.
మైకు నా చేతిలో ఉంది,
అందరికంటే గట్టిగా వినపడింది.

బజ్జీల దగ్గర ఆయనే పలకరించాడు.
సఖినేటిపల్లి పంటు మీద టికెట్లిచ్చేది ఆయనేనట.
"రోజుకి రెండువేల చేతులు చూస్తానమ్మా,
మొహాలు చూసే తీరికెక్కడిది?
మొదటి పంటుకి ముందు పావుగంట ఖాళీ.
నువ్వు చూసినట్టు కింద చిన్న గుర్తు పడేది.
చాలు గదా."
నూనె కాగితం మడిచి, పారేయకుండా పట్టుకుని,
"ఆ బాతులది బాగా చెప్పావు" అన్నాడు.
గులాబీల ఊసు ఎత్తలేదు.

మెట్లు దిగుతుంటే గోదాంలో లేసు మూటలు.
మా పిన్ని అల్లేది.
అంతా చిల్లులే, దారం కొంచెం.
పేరడగలేదని అక్కడ గుర్తొచ్చింది.
బాతుల మనిషినీ అడగలేదు.

ఆదివారం ఐదుంపావయింది. ఐదున్నరయింది.
ఫోను గుండెమీద పెట్టుకుని పడుకున్నాను,
కరెంటు పోయిన చెరువుగట్టున రైతులా.

సోమవారం అవతలి ఒడ్డున సీసాలు తేవాలి.
తేవాల్సింది బుధవారం, సోమవారమే బయల్దేరాను.
స్కూటీ పంటు ఎక్కించి నిలబడ్డాను.
ఖాకీ చెయ్యి ముందుకొచ్చింది, మొహం ఎత్తకుండా.
వంద నోటిచ్చాను.
"చిల్లర లేదా?"
గుప్పిట్లో ఉంది, చెమటకి తడిసి.

లేదన్నాను.

అప్పుడు తలెత్తాడు.
వెనక లారీవాడు హారను కొడుతున్నాడు.
"సరే, తిరుగు పంటులో తీసుకో" అన్నాడు,
నోటు విడిగా మడిచి
పై జేబులో పెట్టుకుంటూ.