వేలు తీస్తే పోయే చప్పుడు

కళ్యాణదుర్గం బైపాసులో నా మోటరు వైండింగు షాపు.
రాత్రి పదిన్నర. షట్టరు సగం దించినాను.
బెంచీ మీద బ్రెడ్‌బోర్డు, దాని నడుమ
ఎనిమిది కాళ్ల నల్లపురుగు, ఆ ఆప్ ఆంపు,
మూడు దినాలుగా నాతో మాట్లాడదు.

స్టూలు మీద తిప్పక్క.
ఆమె బోరు ఐదు వందల అడుగులు.
పోస్తే రెండు బిందెలు, లేదంటే వట్టి గాలి.
"మోటరు దించకముందే
లోపల ఊట పడతాందో లేదో వినాల నాయనా" అనింది.
కాలిన ఆ మోటరును మూడుసార్లు చుట్టి
మూడుసార్లూ దుడ్లు తీసుకున్నోణ్ణి,
కాదనలేకపోయినాను.

పాత అలారం గడియారం కడుపులోంచి తీసిన ఇత్తడి బిళ్ళ,
సైకిలు ట్యూబు ముక్కలో పెట్టి, మైనంతో మూతి మూస్తే
బోరులోకి వేలాడదీసే చెవి.
దాని గుసగుసను నూరురెట్లు చెయ్యాల ఈ పురుగు.
చెయ్యదు.

మీటరు తీసినాను.
ఎనిమిదో కాలు: ఎనిమిది పాయింటు ఏడు. బ్యాటరీ బతికే ఉంది.
నాలుగో కాలు: సున్నా. నేల నేల మాదిరే ఉంది.
ఒకటో కాలు, మాట బయటికి రావాల్సిన చోటు:
ఏడు పాయింటు మూడు.
నెత్తి కప్పుకు కొట్టుకుని
అట్లే నిలబడిపోయినాది.
గోకినా, ఊదినా, తిట్టినా
ఏడు పాయింటు మూడే.

ఐసీ మార్చినాను. కొత్తదీ అదే మొండి.
తీగలన్నీ పీకి, మళ్లీ గుచ్చినాను.
టీ చల్లారింది.

"యాడ నాయనా తప్పు?" అంటా తిప్పక్క వంగింది.
శనక్కాయ పీకి పీకి పగిలిన బొటనవేలు
మూడో కాలి తీగనూ, పక్కనున్న సగం వోల్టు తీగనూ
ఒకేసారి అదిమింది.
హెడ్‌ఫోన్లో గుయ్యిమని కరెంటు ఈగ.
ఆ ఈగ వెనకాల
టక్. టక్.
బిళ్ళ మీద నా గోరు చప్పుడు!

వేలు తీసింది. పోయింది.
పెట్టింది. వచ్చింది.

అప్పుడు తెలిసొచ్చింది నా బుద్ధిమాంద్యం.
బిళ్ళ ఒట్టి కెపాసిటరు, డీసీకి తెగిన వంతెన.
మూడో కాలికి ఆనుకునే చోటే నేను పెట్టలా.
దానిలోంచి కారే పిసరంత కరెంటు
పోను దోవ లేక, నిండి నిండి నెత్తికెక్కినాది.
తిప్పక్క చర్మమే దోవ.
"అక్కా, ఇప్పుడు నువ్వు రెసిస్టరువి" అన్నాను.
"పోనీలే, అంతకంటే పాడు మాటలే పడినా."

మేకుల డబ్బాలో చెయ్యి పెట్టి కెలికినాను.
గోధుమ, నలుపు, ఆకుపచ్చ:
పది లక్షల ఓములు, ఆమె బొటనవేలికి బదులు.
ఒకటో కాలు జారి జారి
నాలుగు పాయింటు మూడు ఐదు దగ్గర ఆగింది.
సరిగ్గా సగం. అటు ఒరగదు, ఇటు ఒరగదు.

తెల్లారకముందే ఆమె చేనికి పోయినాము,
త్రీఫేజు కరెంటొచ్చి పక్క మోటర్లు అరవకముందే.
మూడు వందల నలభై అడుగుల వైరు వదిలినాను.
ఏమీ లేదు.
పైకి లాగి బిళ్ళ మీద కొడితే టక్ అనింది.
మళ్లీ వదిలినాను. ఏమీ లేదు.
నిన్నటి నిశ్శబ్దాన్ని మీటరుతో నిలదీసినాను.
దీన్ని ఏమని అడిగేది?

తిప్పక్క హెడ్‌ఫోను లాక్కుంది.
కేసింగు పైపు మీద చెయ్యేసి కూర్చుంది.
చానాసేపు.
"పడతాండాది" అనింది.
"నాకు వినపడలేదే?"
"నీ ఊపిరే నీకు వినపడింటాది. బిగబట్టల్లే."

నమ్మల్నో వద్దో తేలక నిలబడినాను.
నూరురెట్లు నేను చేసినాను,
ఆపైన ఎన్ని రెట్లో ఆమె చెవికే తెలియాల.
ఆమె బొటనవేలు పైకి లేపింది.
దించింది.
నేను మనసులో అంకెలు లెక్కబెడతా ఉన్నాను.
నలభై ఒకటి దగ్గర
మళ్లీ లేపింది.