నీడ వేళలు

ఓడలు ఎంత పెరిగాయో నా అరచేతులనడగండి.
మొదట్లో తాడు బొటనవేలంత ఉండేది.
పైనుంచి ఒకడు విసిరేవాడు, పేరు పెట్టి పిలిచి మరీ,
"హాల్‌బ్యోర్న్, పట్టుకో!"
పట్టుకుని ఇనుప గుంజకి చుట్టి తలెత్తితే
కమ్మీల వెంట నూట ముప్ఫై మొహాలు.
లెక్కపెట్టేవాణ్ణి.
ఎవరో ఒకామె తప్పకుండా చెయ్యి ఊపేది.

తర్వాత తాడు మణికట్టంత అయింది.
ఆ తర్వాత పిక్కంత.
ఇప్పుడు చేత్తో పట్టేది లేదు, బండి లాగుతుంది.
ఒక తెల్లటి గోడ. గోడకో కన్నం. కన్నంలోంచి తాడు.
అవతల ఎవరున్నారో తెలీదు,
నా పేరు వాళ్లకీ తెలీదు.

మాది కొండల మధ్యకి సముద్రం వేలు దూర్చిన చోటు.
నవంబరు చివర్లో సూర్యుడు దక్షిణపు కొండ వెనక్కి దిగి
రెండు నెలలు మొహం చాటేస్తాడు.
జనవరిలో ఓ మధ్యాహ్నం
వంటింటి గోడ మీద అరచెయ్యంత వెలుగు పడుతుంది.
ఆ పూట పల్చటి అట్లు పోసుకుని, ఇరుగూ పొరుగూ చేరి
కాఫీ తాగుతాం.
ఎండని గ్రాముల్లో తూచి వాడుకునే మనుషులం.

అందుకే స్టెయిన్‌వోర్ రాసిన ఫిర్యాదు చదివి
రేవు ఆఫీసులో కుర్రాళ్లు నవ్వితే నేను నవ్వలేకపోయాను.
ఆవిడ రాసింది ఇంతే:
"జులై పద్నాలుగు. ఎనిమిదీ పది నుంచి పదకొండున్నర దాకా
నా రూబార్బ్ మడి మీద ఓడ నీడ.
జులై పదహారు. రెండు ఓడలు. పన్నెండైనా ఎండ లేదు.
కొండ కప్పేస్తే ఊరుకుంటాను.
కొండ ఇక్కడిదే కదా."

ఊళ్లో ఉన్నది రెండు వేల ఆరొందల మందిమి.
నిన్న దిగింది అయిదు వేల నాలుగొందలు.
తొమ్మిది కాకుండానే బేకరీలో రొట్టె నిండుకుంది.
ఒకాయన నన్నాపి, ఇది ఏ ఊరని అడిగాడు.
చెప్పాను.
రెండుసార్లు పలకబోయి వదిలేశాడు.
"చూడ్డానికి ఏముంది ఇక్కడ?"
మీ ఓడ కాస్త జరిగితే చూపిస్తానని
నాలుక చివరిదాకా వచ్చింది.

ఓడలో ఏముందో ఆయనే చెప్పుకొచ్చాడు:
పదకొండు ఈత కొలనులు, నిజం చెట్లున్న వీధి,
స్కేటింగుకి మంచు గచ్చు.
ఆయన భార్య దిగలేదట,
"లోపలే ఇంకా సగం చూళ్లేదు" అందట.
ఆమెదేం తప్పు?
ఊరే ప్రయాణం చేస్తుంటే
మధ్యలో ఇంకో ఊరెందుకు?

లైబ్రరీ మెట్ల మీద మాత్రం రోడెల్ కూర్చునుంటాడు.
వైఫై అందే మూడో మెట్టు అతనిది.
ఏడు వేసవులుగా వస్తూ ఆ మెట్టు దాటి
ఒక్కసారీ పైకి రాలేదు.
నలభై నిమిషాల సెలవు, అందులో ముప్ఫై అయిదు
సెబూలో కూతురి హోంవర్కుకి పోతాయి.
నిన్న ఫోను త్వరగా పెట్టేశాడు. పాపకి జ్వరం, నిద్రపోయింది.
రా అని బండిలో ఎక్కించుకుని
కొండ మలుపు దాకా తీసుకెళ్లాను.

కిందికి చూసి చాలాసేపు మాట్లాడలేదు.
దిండు గలీబులు ఇస్త్రీ చేసే అంతస్తు
నీటి మట్టానికి కింద ఉంటుందట.
"ఇంత తెల్లగా ఉంటుందా ఇది" అన్నాడు.
తన గది ఎక్కడుందో వేలితో వెతికాడు.
కిటికీ లేని గదిని
బయటినుంచి ఎలా గుర్తుపట్టాలి?
నేనూ వెతికాను.
ఈలోగా కూత వేసింది,
గొర్రెలు కూడా తలెత్తి చూశాయి.

వచ్చే ఏడు పట్టీలో ఉన్న ఓడ
దీనికన్నా అరవై మీటర్లు పొడుగు.
దానికోసం రేవుని కూడా పొడిగిస్తారట, చలికాలంలో,
సూర్యుడు లేనప్పుడు.

స్టెయిన్‌వోర్‌కి జవాబు రాలేదు.
రూబార్బ్ మొదళ్లు తవ్వి ఇంటి వెనక్కి మార్చుకుంటోంది.
గొర్రెలు రాకుండా మడి చుట్టూ కట్టుకోమని
నా కొట్లోంచి ఒక తాడు తీసిచ్చాను,
బొటనవేలంతది.
"గట్టిదేనా?" అంది లాగి చూస్తూ.
ఒకప్పుడు ఓడని ఆపిందన్నాను.