రెండు చేతులూ ఒక్కసారే

నాకు ఈత రాదు.
ఈ మాట ఫోర్ట్ వేన్‌లో ఎవరికీ చెప్పలేదు.
వారమంతా ఇరుసుల ఫ్యాక్టరీలో
వెంట్రుకలో పదో వంతు తేడా పట్టుకునే పని నాది.
ఆ కళ్ళు చూసే కాబోలు
తెల్ల చొక్కా తొడిగి కొలను గట్టున నిలబెట్టారు,
పిల్లల చేతులు గోడని ఎలా తాకుతున్నాయో చూడమని.

శనివారం పార్కు లీగు.
బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఖిన్ తిరి
కుడిచేయి ముందు చేరింది,
ఎడమచేయి రెప్పపాటు వెనక.
చిన్నపిల్లలకి అది చూసీ చూడనట్టు వదిలెయ్యమని
పార్కు పుస్తకంలో ఉంది.
నీలం రిబ్బను మెడలో వేసుకుని
వాళ్ళ నాయనమ్మ బర్మా పద్ధతిలో పులియబెట్టిన తేయాకు
డబ్బాలోంచి వేళ్ళతో తిన్నది.
నాకూ కాస్త పెట్టింది.

ఆదివారం చర్చి వాళ్ళ లీగు.
అదే పిల్ల, అదే ఎడమచేయి, అదే రెప్పపాటు.
వాళ్ళ పుస్తకం వేరు.
నా చేయి లేచింది.
ఇక్కడ నోరు విప్పక్కర్లేదు,
ఎత్తిన చేతి కింద
ఒక పిల్ల ఈదిన యాభై గజాలు
ఈదనట్టే అయిపోతాయి.

తువ్వాలు కప్పుకుని వచ్చి అడిగింది:
"నిన్న తప్పు కాదు కదా?"

ఇరుసులు ఏనాడూ ఇలాంటిది అడగలేదు.
నా దగ్గర చీటీ ఉంది, సంతకం ఉంది.

జనవరిలో లైబ్రరీ వెనక గదిలో కూర్చున్నాం,
తొమ్మిదిమందిమి, మూడు పుస్తకాలు, ఒక కాఫీ ఫ్లాస్కు.
బయట ఎవరో పారతో మంచు ఎత్తుతున్న చప్పుడు.
ఒకరి కొలను గజాల్లో, ఇంకొకరిది మీటర్లలో.
ఈల కంటే ముందు దూకితే ఒకచోట మరో అవకాశం,
మరోచోట తిన్నగా ఇంటికే.
వెండెల్ స్ట్రౌస్ గారు తనదే అసలు పుస్తకమన్నారు.
అట్ట ఊడి ఉంది, నిజమే అయుండొచ్చు.
"పసివాళ్ళని ఏడిపించి మనం బావుకునేదేముంది?"
డొలొరెస్ హ్యాచ్ అల్లిక సూదులు ఆపకుండానే అడిగింది.
ఎవరి కొలను వాళ్ళకి సముద్రం.

నేను రెండే అడిగాను.
ఏ గోడైనా సరే, రెండు చేతులూ ఒక్కసారే తాకాలని.
వయసు పోటీ రోజునే లెక్కపెట్టాలని.
జూన్ ఒకటిన లెక్కేసే కొలనులో పదేళ్ళవాడు
వీధి దాటగానే పదకొండేళ్ళవాడవుతాడా అన్నాను.
నవ్వారు. ఓటుకి పెట్టారు.
ఐదు, నాలుగు.
ఆ ఐదులో ఒకటి నా చేయి.
అదే చేయి.
గజాలూ మీటర్లూ మాత్రం తెగలేదు,
కొలనుని సాగదీయలేం కదా అన్నారు వెండెల్ గారు.

మళ్ళీ జూలై.
ఖిన్ తిరి పుట్టింది జూన్ తొమ్మిదిన.
గోడకి అంటించిన జాబితా చదివేదాకా
నాకు తెలియదు.
పాత పార్కు లెక్కలో ఈ వేసవంతా పదే.
కొత్త లెక్కలో పదకొండు.
అటూ ఇటూ పన్నెండేళ్ళ భుజాలు,
నాలుగో వరసలో అగ్గిపుల్లంత పిల్ల.
మేం కలిపి కుట్టిన కొత్త పుస్తకం
నా వెనక జేబులో చెమటకి మెత్తబడుతోంది.

ఆరుగురిలో ఐదోది.
కానీ ఆ గోడ దగ్గర,
రెండు చేతులూ,
బొటనవేలికి బొటనవేలు ఆనేంత దగ్గరగా,
మా ఫ్యాక్టరీ కొలత పరికరానికి సైతం
తేడా దొరకనంత సమంగా.

కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుంది.
గడియారం చూడలేదు.
గెలిచిన పిల్లనీ చూడలేదు.
నన్ను చూసింది,
నన్ను కూడా కాదు, నా చేతిని.

కిందే ఉంది.
అలాగే ఉంచి నిలబడ్డాను,
తర్వాతి పందెం పిల్లలు దూకి
నా బూట్లు తడిపేదాకా.