కొసరు

డులూత్‌లో నవంబరు.
సరస్సు మీంచి వచ్చే గాలికి
గ్రంథాలయం కిటికీలు సన్నగా మూలుగుతున్నాయి.
నా ముందు పదహారు వందల వరుసల పట్టిక.
ఒక్కో వరుసా ఒక పత్రిక:
పేరు, ధర, ఎన్నిసార్లు తెరిచారు,
తెరిచిన ప్రతిసారీ మాకెంత పడింది.
బడ్జెట్టేమో నిరుటిదే.
ధరలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

కంపెనీ తరఫున డెరిక్ ఫోన్ చేస్తాడు.
ముందు మా కుక్క కాలు నయమైందా అని అడుగుతాడు
(అతని పట్టికలో దానికీ ఒక గడి ఉండే ఉంటుంది).
గంపగుత్తగా తీసుకోండి, అంటాడు,
విడివిడిగా అయితే మీకే నష్టం.
నేనెరిగిన బజారులో
కూరలు కొంటే కరివేపాకు కొసరు.
ఇక్కడ రెండు రెబ్బల కరివేపాకు కోసం
బండెడు గుమ్మడికాయలు తోలించుకోవాలి,
ఏటేటా ఆరు శాతం ఎక్కువిచ్చి.

అవైనా మన దొడ్లో ఉండవు.
ప్రతి సెప్టెంబరూ కొత్త అధ్యాపకులకు చెప్పి
అక్టోబరులో మళ్ళీ చెబుతాను:
కొనలేదండీ, అద్దెకు తెచ్చాం.
అద్దె ఆగిన రోజున
నిన్న చదివిన పేజీ కూడా
మీరెవరని అడుగుతుంది.

మూడు వందల నలభై రెండో వరుస.
మంచినీటి చేపల జబ్బుల మీద ఒక త్రైమాసికం.
ఏడాదికి తొమ్మిది వందల డాలర్లు.
తెరిచింది పదకొండుసార్లు.
కళ్ళు మూసుకుని ఎరుపు రంగు పూయొచ్చు.

పూయబోయి, లాగిన్ల చిట్టా తీశాను.
పదకొండూ ఒకే రాత్రి.
ఫిబ్రవరిలో, మంచుతుఫానుకు
ఊరంతా తలుపులేసుకున్న శనివారం,
ఒంటిగంటకూ నాలుగున్నరకూ మధ్య.

ఎవరో తెలియదు.
చదివేవాళ్ళ పేర్లు దాచకూడదన్నది మా నియమం,
పట్టుబట్టి పెట్టించింది నేనే.
మిగిలినవి నిమిషాలు:
మొదటి వ్యాసం దగ్గర రెండు,
ఏడో దాని దగ్గర యాభై.
ఆ యాభై నిమిషాలూ
చదివారో, కునికారో,
దొరికిందని లేచి గదంతా తిరిగారో.

మారిట్‌ని అడిగాను.
కాగితపు సంచికలకు ఆఖరి కాపరి,
మే నెలలో రిటైరవుతోంది.
ఏమీ అనకుండా నేలమాళిగలోకి నడిచింది.
ఆకుపచ్చ బట్ట అట్టల్లో
అరవై ఎనిమిది నుంచి తొంభై తొమ్మిది దాకా,
ఆ పక్కన ఒక చెక్కదిమ్మ.
దాని మీద ఆవిడ చేతిరాత:
తరువాయి ఆన్‌లైన్‌లో.
కొంగులాంటి శాలువా అంచుతో దుమ్ము తుడిచి
"రాసినప్పుడు నిజమే" అంది.

పైకొచ్చి డెరిక్‌కు రాశాను.
ఈ ఒక్కటీ విడిగా కావాలి.
పద్నాలుగో షరతు మార్చాలి:
డబ్బు కట్టిన ఏళ్ళ సంచికలు
మానేసినా మాకు శాశ్వతంగా దక్కాలి.
అరగంటలో జవాబు:
"శాశ్వతం అంటే, సుమారుగా, ఎన్నేళ్ళు?"

నవ్వొచ్చింది.
తర్వాత అదీ ఆగిపోయింది.
కాలవ మీద వంతెన లేస్తోంది,
ఇనుపరాయి నింపుకున్న ఓడ
ఈ ఏటికి చివరివాటిలో ఒకటి,
కూత వేసింది.
వంతెన బదులు కూసింది.
ఎన్నేళ్ళుగా ఈ పలకరింపు, నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

"చెక్కదిమ్మ చివికేదాకా" అని రాసి, చెరిపేసి,
వకీళ్ళు ఒప్పుకునే భాషలో మూడు వాక్యాలు పంపాను.

ఇక తొమ్మిది వందలు ఎక్కణ్ణుంచి తేవాలి?
నాలుగు వందల ఆరో వరుస:
ఇంకో రెండు చోట్ల ఎలాగూ దొరికే వ్యాపార పత్రిక,
మా డీన్‌గారికి ప్రాణం.
దానికి ఎరుపు.

రేపు పొద్దున్నే పిలుస్తారు.
కాఫీ తాగే వెళ్ళాలి.