ఏడో నంబరు చెయ్యి

స్టోర్సు గదిలో బల్ల మీద
పదకొండు జతల చేతులు పడున్నాయి, మనుషులు లేకుండా.
నల్లవి, నారింజవి, పాచిరంగువి,
మోచేతి దాకా వచ్చేవి, మణికట్టు దగ్గరే ఆగిపోయేవి.
సేల్సు పిల్లోడు చీరలు పరిచినట్టు పరిచి పోయినాడు.
ఒకటి ఏరమని మేనేజరు మాట.
బేస్తవారం లోపల. రేటు తక్కువది.

కర్నూలు పొలిమేరలో, తుంగభద్ర గాలి
తగిలీ తగలని చోట మా ఫ్యాక్టరీ.
ఇక్కడ కాస్టిక్ చూస్తే నీళ్లే,
బిందెలో నీళ్లంత అమాయకం.
చేతి మీద పడితే కుంకుడు నురగలా జారుతుంది.
ఆ జారేది నురగ కాదు,
నీ చర్మమే సబ్బయితాంది.
నాకది తెలిసేసరికి
ఎడమ చిటికెన వేలికి గోరు పోయింది.
ఆ తర్వాతే స్టోర్సులో వేసినారు నన్ను.

గ్లౌజుల్లో నీళ్లు నింపి
రాత్రంతా దండెం మీద పొట్లకాయల్లా వేలాడదీసినా.
పొద్దునకు మూడింటి కింద తడి.
కాస్టిక్ బకెట్లో ముంచితే
తోలుది జున్నులాగ మెత్తబడింది.
మిగిలినవాటిని ఒక్కోటే తొడుక్కొని
బల్ల మీద జొన్నగింజలు ఏరినా.
అన్నిటికంటే మందమున్నది
ఒక్క గింజా పట్టలేకపోయింది.
బలమైందే గానీ గుడ్డిది.
వాల్వు మీద ఆ చెయ్యి వేసి
మద్దిలేటి ఎన్ని చుట్లు తిప్పినాడో ఎట్ల తెలుస్తుంది?

అన్నీ తొమ్మిదే, పదే.
డ్రమ్ములు కడిగే హులిగెమ్మది ఏడు.
వేళ్ల చివర అంగుళం ఖాళీ.
ఆ ఖాళీనే పోయిన నెల మూత కింద చిక్కుకుంది.
అరచెయ్యి చుట్టూ టేపు పెడితే నవ్వింది:
"పెండ్లికి గాజులేసినోడు గూడా
ఇంత బాగ కొలవలేదు సారూ."

ఖాజా హుస్సేన్‌ది ఇంకో కథ. క్లోరిన్ సిలిండర్ల పని.
మాస్కుకు గడ్డం అడ్డం.
వెంట్రుకల సందున గాలి దూరితే
దాని వెనకాలే అదీ దూరుతుంది.
"గొరిగించుకోమను" అన్యాడు సూపర్‌వైజరు.
ముఖం మార్చుకోమని ఎట్ల అడిగేది?
తలంతా కప్పే తొడుగు ఉందంట, రేటు మూడింతలు.
రాసినా.

ఇంక మే నెల. రేకుల కింద నలభై ఆరు.
ప్లాస్టిక్ సూటులో మనిషి
కుండలో ఉడికే శెనక్కాయ.
పావుగంటకు విప్పి మేకుకు తగిలిస్తారు.
అప్పుడది మేకును కాపాడుతుంది.
వాళ్లను తిట్టి లాభం లేదు,
నేనూ విప్పినవాణ్ణే.
అందుకే ఫారంలో లేని గడి ఒకటి
స్కేలు పెట్టి గీసినా:
ఎంతసేపు ఒంటి మీద ఉంటుంది?

మేనేజరు ఆ గడి చూసినాడు, చూడనట్టు.
"ఏడో నంబరు ఎందుకప్పా?
అందరికీ తొమ్మిదే తెప్పిస్తే డిస్కౌంటు."
నేనేం మాట్లాడలా.
బల్ల మీద గుప్పెడు జొన్నలు పోసి
పదకొండో నంబరు ఆయన చేతికి తొడిగి,
"ఏరండి సార్" అన్యా.
మూడో గింజకు చెమట పట్టింది.
నాలుగోది కింద పడింది.
ఫోను మోగింది కాబట్టి లేసి పోయినాడు,
గ్లౌజు ఒక చేతికి అట్లనే ఉండగా.

ఇండెంటు మీద సంతకం ఇంకా కాలేదు.
రాత్రి షిఫ్టుకు హులిగెమ్మ
తొమ్మిదో నంబరు వేళ్ల చివర్లలో
పాత రవిక గుడ్డ కూరుకొని పోయింది.
నేను ట్యూబులైటు కింద కూర్చొని
చెల్లాచెదరైన గింజలు డబ్బాలోకి ఏరుతున్నా,
వట్టి చేతులతో.
ఒక్కటీ జారలేదు.